వైరస్ ఉందన్నారు, ఏడాది ఆగమన్నారు: ఎందుకు?

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు. పెళ్ళయి పదిహేడేళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఏ బాధా లేకపోయినా ఈ వయసులో ఒకసారి చూపించుకోవడం మంచిదని అందరూ అంటుంటే గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయించుకున్నాను. పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్ష) నార్మల్ అని వచ్చింది. హెచ్‌పీవీ పరీక్షలో మాత్రం 16, 18 రకాలు నెగెటివ్ అనీ, ‘ఇతర హై రిస్క్ రకాలు పాజిటివ్’ అనీ రాశారు. డాక్టరుగారు మందులేమీ ఇవ్వకుండా ఏడాది తర్వాత రమ్మన్నారు. క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను ఒంట్లో పెట్టుకుని ఏడాది ఎలా ఆగడం? ఇది లైంగిక సంబంధం వల్ల వస్తుందని చదివాను. నాకు నా భర్త తప్ప మరొకరు తెలియదు. ఆయన్ను అడిగితే ఆయనా అదే మాట అన్నారు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. పిల్లలు పుట్టేశారు కాబట్టి గర్భసంచి తీయించేసుకుంటే పీడ వదులుతుందని మా తోడికోడలు అంటోంది. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. తనకు ఈ వైరస్ రాకుండా టీకా వేయించమన్నారు కానీ, ఇంత చిన్నపిల్లకు అలాంటి టీకా ఏమిటని మా అత్తగారు అభ్యంతరం చెబుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగైదు ప్రశ్నలున్నా మీకు నిద్ర పట్టనివ్వనిది ‘ఏడాది ఎలా ఆగడం’ అన్నదే కనుక దానితోనే మొదలుపెడతాను. మీ డాక్టరుగారు నిర్లక్ష్యంతో ఆ మాట అనలేదు. ఈ వైరస్ నడక తెలిసిన వైద్యులు చాలామంది మీ రిపోర్టు చూసి ఆ సలహాయే ఇస్తారు. కాకపోతే, ఎందుకు ఆగమంటున్నారో చెప్పడానికి మరో అయిదు నిమిషాలు వెచ్చించి ఉంటే మీ ఇంట్లో ఇంత కలత రేగేది కాదు. ‘పాజిటివ్’ అన్న మాటను చేతిలో పెట్టి పంపేసి, దాని అర్థం ఏమిటో రోగినే వెతుక్కోమనడం మా వృత్తిలో తరచుగా జరిగే పొరపాటే.

హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) అంటే ఒక్కటి కాదు, రెండు వందలకు పైగా రకాలున్న పెద్ద కుటుంబం. పాపిలోమా అంటే పులిపిరి వంటి పెరుగుదల. చేతుల మీద, కాళ్ళ మీద వచ్చే మామూలు పులిపిర్లకు కారణం ఈ కుటుంబంలోని రకాలే. జననాంగాల దగ్గరి చర్మానికీ లోపలి పొరలకూ సోకేవి సుమారు నలభై ఉంటాయి. వాటిలో 6, 11 రకాలు ఆ భాగాల్లో పులిపిర్లు తెస్తాయే తప్ప క్యాన్సర్ జోలికి సాధారణంగా పోవు. క్యాన్సర్‌కు దారితీయగలవని తేలినవి పన్నెండు దాకా ఉన్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం కాబట్టి పరీక్షల్లో ఆ రెండింటినీ విడిగా చూపి, 31, 33, 45, 52, 58 మొదలైన మిగతావాటినన్నిటినీ ఒకే గుంపుగా రాస్తారు. మీకు ఉన్నది ఆ గుంపులోని ఏదో ఒకటి. అన్నిటికంటే ప్రమాదకరమైన ఆ రెండూ మీలో లేకపోవడమూ, పాప్ స్మియర్‌లో కణాలు మామూలుగా ఉండడమూ కలిసే ‘ఏడాది తర్వాత రండి’ అన్న సలహా అయ్యాయి. అదే 16 గానీ 18 గానీ పాజిటివ్ అని ఉంటే, పాప్ స్మియర్ నార్మల్‌గా ఉన్నా సరే, వెంటనే కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరిశీలనకు, పంపేవారు.

ఈ వైరస్ సోకడం చాలా మామూలు విషయం, దానివల్ల క్యాన్సర్ రావడం అరుదైన విషయం. లైంగిక జీవితం మొదలైనవారిలో అత్యధికులకు, ఆడవారికైనా మగవారికైనా, ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. సోకినట్టు తెలియదు, పోయినట్టూ తెలియదు. కొత్తగా సోకిన వైరస్‌ను పదిమందిలో తొమ్మిదిమంది శరీరం రెండేళ్ళలోపే అణచివేస్తుంది. చిక్కంతా మిగిలిన ఆ కొద్దిమందితోనే. వాళ్ళలో వైరస్ ఏళ్ళ తరబడి తిష్ఠ వేస్తుంది. అలా తిష్ఠ వేసినవారిలో కూడా అందరికీ క్యాన్సర్ రాదు, కానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు అందరి కణితిలోనూ ఈ వైరస్ ఉంటుంది. హెరాల్డ్ త్సుర్ హాసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బృందం 1983లో 16వ రకాన్నీ, ఆ మరుసటి ఏడాది 18వ రకాన్నీ ఈ క్యాన్సర్ కణితుల్లో గుర్తించింది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనివల్ల రోగులకు కలిగిన మేలు ఏమిటంటే, కారణం తెలిసింది కాబట్టి కణాలు మారకముందే ఆ కారణం ఉందో లేదో పరీక్షించడం సాధ్యమైంది. మీకు చేసిన పరీక్ష అదే.

ఈ వైరస్ ఎందుకంత నెమ్మదిగా పనిచేస్తుందో తెలిస్తే ఏడాది గడువు సంగతి ఇంకా స్పష్టమవుతుంది. గర్భాశయ ముఖద్వారంలో, లోపలి పొర బయటి పొరగా మారే ఒక సన్నని వలయం ఉంటుంది. అక్కడి కణాలు ఎప్పుడూ మారుతూ ఉంటాయి. కంటికి కనబడని చిన్న గీరుడు ద్వారా వైరస్ ఆ పొర అడుగున ఉండే కణాల్లోకి చేరుతుంది. అది రక్తంలోకి పోదు, జ్వరం తేదు, తాను దూరిన కణాన్ని పగలగొట్టదు. అందుకే రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టడానికి సమయం తీసుకుంటుంది. ఎక్కువమందిలో ఆలస్యంగానైనా గుర్తుపట్టి అదుపు చేస్తుంది. అదుపు తప్పిన చోట వైరస్‌లోని ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లు రంగంలోకి దిగుతాయి. కణంలో జన్యువులు చెడిపోతే విభజనను ఆపే పీ53 అనే కాపలా ప్రోటీన్‌ను ఈ6 నాశనం చేయిస్తుంది. కణం ఎప్పుడు పడితే అప్పుడు విభజన చెందకుండా పట్టి ఉంచే ఆర్‌బీ అనే మరో ప్రోటీన్‌ను ఈ7 పనిచేయనివ్వదు. కాపలా పోయినంత మాత్రాన ఆ కణం క్యాన్సర్ కణం అయిపోదు. ఆ తర్వాత తప్పు మీద తప్పు పేరుకోవాలి, దానికి ఏళ్ళు పడుతుంది. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న స్త్రీలో వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్ వచ్చేదాకా సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మధ్యలో వచ్చే దశలను సీఐఎన్ 1, 2, 3 అని పిలుస్తారు. ఇవి క్యాన్సర్ కావు, క్యాన్సర్‌కు ముందరి మార్పులు. మొదటిది చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. మూడోది పట్టించుకోవలసినది. దాన్ని వదిలేస్తే ఎంతమందికి క్యాన్సర్ వస్తుందన్నది ఎవరూ ప్రయోగం చేసి తెలుసుకోకూడని ప్రశ్న. అయినా న్యూజిలాండ్‌లో కొందరు స్త్రీలకు, వాళ్ళకు తెలియజెప్పకుండానే, సరైన చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ పోయిన దుర్ఘటన ఒకటి ఉంది. వైద్యచరిత్రలో అదొక మచ్చ. ఆ రికార్డులను తర్వాత పరిశీలించి 2008లో ప్రచురించిన లెక్కల ప్రకారం, మూడో దశ మార్పులుండి బయాప్సీతో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షతో) సరిపెట్టిన స్త్రీలలో ముప్ఫై ఏళ్ళలో సుమారు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన చికిత్స పొందినవారిలో ఒక శాతం కంటే తక్కువమందికే వచ్చింది. ఈ అంకెలను మీ స్థితితో పోల్చుకోవడానికి ఇవ్వలేదు, ఎందుకంటే మీలో మొదటి దశ మార్పు ఉన్నట్టు కూడా మీ పాప్ స్మియర్ చెప్పడం లేదు. చివరి దశ మార్పులను చూడకుండా వదిలేస్తేనే దశాబ్దాలు పట్టే ప్రయాణంలో, మీరున్న చోటి నుంచి పన్నెండు నెలలు ఎంత చిన్న వ్యవధో తెలియడానికి ఇచ్చాను.

అయితే ఆ పన్నెండు నెలలు మరిచిపోవడానికి ఇచ్చినవి కావు. మీ శరీరం వైరస్‌ను అదుపు చేస్తుందో లేదో చూడడానికి ఇచ్చినవి. ఏడాది తర్వాత హెచ్‌పీవీ నెగెటివ్ అని వస్తే, తర్వాతి పరీక్షలు ఎంత వ్యవధిలో చేయించుకోవాలో డాక్టరుగారు చెబుతారు. మళ్ళీ పాజిటివ్ అని వస్తే, పాప్ స్మియర్ నార్మల్‌గా ఉన్నా కాల్పోస్కోపీ చేయించుకోవాలి. మీ వయసులో ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేము. ఇరవై ఏళ్ళ అమ్మాయిలో కనిపించే వైరస్ సాధారణంగా కొత్తగా సోకినది, అది పోయే అవకాశం ఎక్కువ. ముప్ఫై దాటినవారిలో కనిపించేది ఎన్నాళ్ళుగా ఉన్నదో చెప్పలేము. కాల్పోస్కోపీ పేరు భయపెట్టినా పని చిన్నది. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి అద్ది, దాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలిస్తారు. మారిన కణాలున్న చోటు తెల్లబడుతుంది. అవసరమైతే అక్కడి నుంచి గింజంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. రెండు, మూడు దశల మార్పులు తేలితే ఆ కాస్త భాగాన్ని గడ్డకట్టించి గానీ, వేడితో గానీ, లీప్ అనే పద్ధతిలో విద్యుత్ తీగతో కోసి గానీ తొలగిస్తారు. చాలావరకు ఆ రోజే ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఏడాది ఆగకూడని సందర్భాలు కూడా చెప్పాలి. కలయిక తర్వాత రక్తం కనిపించడం, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తస్రావం, ముట్లుడిగిన తర్వాత మళ్ళీ రక్తం కనబడడం, దుర్వాసనతోనో రక్తపు చారలతోనో తెల్లబట్ట కావడం, ఇవి ఉంటే గడువు సంగతి పక్కనపెట్టి వెంటనే వెళ్ళాలి. పోయిన నెల పాప్ స్మియర్ నార్మల్‌గా వచ్చిందన్నది అప్పుడు సాకు కాకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవారికీ, అవయవ మార్పిడి చేయించుకున్నవారికీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారికీ ఈ ప్రయాణం త్వరగా సాగుతుంది కనుక వాళ్ళ లెక్క వేరు. మీరు వీరిలో ఒకరైతే ఆ సంగతి డాక్టరుగారికి ఇప్పుడే చెప్పండి. మరొక చిన్న పని: మీ పాప్ స్మియర్ రిపోర్టులో నమూనా సరిపడినంత ఉందని రాసి ఉందో లేదో చూడండి. సరిపోని నమూనా మీద వచ్చిన ‘నార్మల్’కు విలువ లేదు.

ఇక మీ వారి సంగతి. ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పగల పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. రిపోర్టు మీద ఉన్న తేదీ వైరస్ కనిపించిన తేదీ, వైరస్ వచ్చిన తేదీ కాదు. పరీక్షకు దొరకనంత తక్కువ మోతాదులో ఇది ఏళ్ళ తరబడి దాగి ఉండి, వయసు వల్లనో ఒంట్లో శక్తి తగ్గినందువల్లనో మళ్ళీ బయటపడవచ్చు. పెళ్ళయిన కొత్తలోనే సోకి ఇప్పుడు కనిపించి ఉండవచ్చు. మీ ఇద్దరిలో ఎవరి జీవితంలోనైనా పెళ్ళికి ముందరి సంఘటన ఒకటి ఉండి ఉండవచ్చు. పూర్తి కలయికే అక్కరలేదు, ఆ భాగాల చర్మం తాకినా సోకుతుంది. వీటిలో ఏది జరిగిందో రిపోర్టు చెప్పదు కాబట్టి ఈ కాగితాన్ని ఆయన మీద సాక్ష్యంగా మీరు గానీ, మీ మీద సాక్ష్యంగా ఆయన గానీ వాడడం అన్యాయం. మీ ఇద్దరి మాటల్లోనూ అబద్ధం ఉండవలసిన అవసరం లేదు.

ఈ జబ్బును నడవడితో ముడిపెట్టే అలవాటు పాతదే. ఇటలీలోని వెరోనా నగరపు మరణాల లెక్కలు చూసిన రిగోని స్టెర్న్ అనే వైద్యుడు, పెళ్ళయిన స్త్రీలతో పోలిస్తే క్రైస్తవ సన్యాసినుల్లో గర్భాశయ క్యాన్సర్ చాలా అరుదని 1842లోనే రాశాడు. ఆయన గమనించినది సరైనదే. కానీ ఇది లైంగికంగా సోకేదని తెలిశాక, జబ్బు వచ్చిన ప్రతి స్త్రీనీ అనుమానంగా చూడడం కూడా దానితోపాటే వచ్చింది. నా అభిప్రాయంలో ఆ సిగ్గు వల్ల జరిగిన నష్టం తక్కువది కాదు, పరీక్షకు వెళ్ళడానికే జంకి ఆలస్యంగా వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. ఒకే భర్తతో జీవితమంతా గడిపిన స్త్రీకి కూడా ఈ వైరస్ సోకవచ్చు. మీ వారితో కూర్చుని ఈ రిపోర్టునూ ఈ సమాధానాన్నీ కలిసి చదవండి. ఆయనకు పరీక్ష అక్కరలేదు, మగవారికి మామూలుగా చేసే హెచ్‌పీవీ పరీక్ష ఏదీ లేదు కూడా. ఆ భాగంలో పుండో గడ్డో పులిపిరో కనిపిస్తే మాత్రం ఆయన డాక్టరుకు చూపించుకోవాలి, ఎందుకంటే మగవారిలోనూ పురుషాంగం, మలద్వారం, గొంతు భాగాల్లో ఈ వైరస్ క్యాన్సర్ తేగలదు. మీ దాంపత్య జీవితం ఆపుకోనక్కరలేదు. కండోమ్ సోకే అవకాశాన్ని తగ్గిస్తుంది కానీ అది కప్పని చర్మం ద్వారా కూడా వైరస్ సోకుతుంది కాబట్టి పూర్తి రక్షణ కాదు.

మీ తోడికోడలి సలహా ప్రేమతో చెప్పినదే అయినా పాటించవలసినది కాదు. వైరస్ ఉందన్న ఒక్క కారణంతో గర్భసంచి తీయరు. తీసినా వైరస్ యోని గోడల్లో మిగిలే ఉండవచ్చు. ఈ వైరస్‌ను చంపే మాత్ర గానీ, ఇంజెక్షన్ గానీ ఇంతవరకూ లేదు కనుక డాక్టరుగారు మందు రాయకపోవడంలో ఆశ్చర్యం లేదు. వారం రోజుల్లో వైరస్‌ను కడిగేస్తామని అమ్మే జెల్లులూ పొడులూ కొనకండి. పొగ తాగే అలవాటు ఉంటే మానండి. పొగాకులోని విషపదార్థాలు ముఖద్వారం దగ్గరి స్రావాల్లో కూడా చేరతాయి, వైరస్ తిష్ఠ వేయడానికి అవి తోడ్పడతాయి.

మీ అత్తగారి అభ్యంతరం మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ‘అలాంటి టీకా’ అన్న మాటలో, పిల్ల ముందు ముందు తప్పుదారి పడుతుందని మనమే అనుమానిస్తున్నట్టు అవుతుందేమో అన్న బాధ ఉంది. హెపటైటిస్ బీ వైరస్ కూడా రక్తం ద్వారానే కాక లైంగిక సంబంధం ద్వారానూ సోకేదే. దాని టీకాను పుట్టిన కొద్ది గంటల్లోనే పసిబిడ్డలకు వేస్తారు, ఆ బిడ్డ నడవడి గురించి ఎవరూ ఆలోచించరు. ఇదీ అంతే. ఈ టీకా వైరస్ రాకుండా ఆపుతుందే తప్ప వచ్చిన వైరస్‌ను పంపలేదు, అందుకే వైరస్ ఎదురుపడే అవకాశమే లేని వయసులో వేయాలి. పైగా 9 నుంచి 14 ఏళ్ళ పిల్లల శరీరం దీనికి పెద్దవాళ్ళకంటే బలంగా స్పందిస్తుంది. మీ అమ్మాయి సరిగ్గా ఆ వయసులో ఉంది. రేపు తన పెళ్ళి ఎంత నిప్పులాంటి మనిషితో జరిగినా, ఆ అబ్బాయి గతానికి మీ అమ్మాయి బాధ్యురాలు కాదని మీ అత్తగారితో అనండి. ఆ మాట ఆవిడకు నచ్చుతుందని నా నమ్మకం.

టీకాలో బతికి ఉన్న వైరస్ గానీ, దాని జన్యుపదార్థం గానీ ఉండవు. వైరస్ పైతొడుగులోని ప్రోటీన్‌ను మాత్రమే తయారుచేస్తే అది దానంతట అదే ఖాళీ డొల్లగా అమరుతుందని జియాన్ జౌ, ఇయాన్ ఫ్రేజర్ అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో 1991లో చూపించారు. ఆ డొల్లే టీకా. 2006 నుంచి ఇది వాడుకలో ఉంది. స్వీడన్‌లో 2020లో వెలువడిన అధ్యయనంలో, పదిహేడేళ్ళు నిండకముందు టీకా వేసుకున్న అమ్మాయిల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, వేసుకోనివారితో పోలిస్తే 88 శాతం తక్కువగా ఉంది. పదిహేడు దాటాక వేసుకున్నవారిలో ఆ తగ్గుదల 53 శాతమే. ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. ఈ టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరన్న ప్రచారానికి ఆధారం లేదు. సూది వేసిన చోట నొప్పి, కొద్దిగా జ్వరం రావచ్చు. ఈ వయసు పిల్లలు ఏ సూదికైనా కళ్ళు తిరిగి పడిపోవడం ఉంది కాబట్టి వేయించిన తర్వాత పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి. 9 నుంచి 20 ఏళ్ళవారికి ఒక్క డోసు కూడా చాలవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో పేర్కొంది. మీరున్న చోట ఒకటి వేస్తున్నారో రెండు వేస్తున్నారో డాక్టరుగారిని అడగండి. టీకా అన్ని రకాలనూ ఆపదు కనుక పెద్దయ్యాక మీ అమ్మాయికి కూడా పరీక్షలు అవసరమే. మీరు వేయించుకోవడం మీద నాకు అంత ఉత్సాహం లేదు. ఇప్పటికే ఉన్న వైరస్‌ను అది తీసివేయదు, మీ వయసులో కలిగే ప్రయోజనం చిన్నది.

2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చింది, 3,50,000 మంది మరణించారు. ఆ మరణాల్లో 94 శాతం పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే జరిగాయి. పరీక్ష అందుబాటులో లేకనో, ఉన్నా వెళ్ళకనో, వెళ్ళినా తిరిగి రమ్మన్న రోజున వెళ్ళకనో ఆలస్యమైనవారు వారిలో ఎందరో. మీరు ఏ బాధా లేకుండానే వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. ఇప్పుడు మూడో పని మిగిలింది. వచ్చే ఏడాది తేదీని ఇవాళే ఫోన్‌లోనో క్యాలెండర్ మీదో రాసుకోండి, మీ వారికి కూడా చెప్పి ఉంచండి. నెలసరి రోజుల్లో కాకుండా చూసుకుని వెళ్ళండి. అంతకు రెండు రోజుల ముందు నుంచి యోనిలో పెట్టే మందులు వాడకండి, లోపల నీళ్ళతో కడగకండి, కలయికకు దూరంగా ఉండండి. ఈసారి రిపోర్టులు రెండూ, ముఖ్యంగా 16, 18 రకాల ఫలితం విడిగా రాసిన కాగితం, వెంట తీసుకువెళ్ళండి. అప్పుడు చూసేది వేరే డాక్టరైనా, పోయినసారి ఏమని వచ్చిందో ఊహించే పని వాళ్ళకు ఉండదు.